స్ప్రే పెయింటింగ్ కార్మికులు – జన్యునష్టం: ఒక చారిత్రక పరిశీలన

పనిలో ఒక కార్మికుని చెయ్యి విరిగితే ఆ గాయం అందరికీ కనిపిస్తుంది. అతని కణాల్లోని జన్యుపదార్థం దెబ్బతింటే ఎవరికి కనిపిస్తుంది? కనిపించని హానిని సమాజం ఎలా గుర్తించింది, గుర్తించాక ఏం చేసింది అన్నవి వృత్తిజన్య వ్యాధుల చరిత్రలో ముఖ్యమైన ప్రశ్నలు. స్ప్రే పెయింటింగ్‌ను ఉదాహరణగా తీసుకొని వీటిని పరిశీలిద్దాం.

1. తొలి పరిశీలనలు

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో వృత్తుల వల్ల కలిగే వ్యాధులపై ఒక గ్రంథం ప్రచురించాడు. వైద్యుడు రోగిని ‘నీ వృత్తి ఏమిటి?’ అని కూడా అడగాలని అందులో సూచించాడు. చిత్రకారుల అనారోగ్యానికి వారు వాడే రంగులే కారణమని గమనించాడు. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి వచ్చే వృషణకోశ క్యాన్సర్‌కు మసి కారణమని చెప్పాడు. 1895లో జర్మనీకి చెందిన లుడ్విగ్ రేన్, అద్దకపు రంగుల కర్మాగార కార్మికుల్లో మూత్రాశయ కణితులను గుర్తించాడు. పాట్, రేన్ ఇద్దరి విషయంలోనూ రోగం ముందు వచ్చింది, జ్ఞానం తరువాత వచ్చింది. దీన్ని మీరు గుర్తుంచుకోవాలి.

2. వేగం తెచ్చిన ఆవిరి

కారుకు బ్రష్‌తో రంగు వేసి ఆరబెట్టడానికి ఒకప్పుడు వారాలు పట్టేది. 1920వ దశకంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో వంటి లక్కర్లు వచ్చాయి. వీటిని స్ప్రే గన్‌తో కొడితే త్వరగా ఆరిపోయేవి. రంగును పలుచన చేసే ద్రావణి వేగంగా ఆవిరి కావడమే అందుకు కారణం. యజమానికి సమయం మిగిల్చిన ఆ ఆవిరినే కార్మికుడు పీల్చవలసి వచ్చింది.

ఆనాటి లక్కర్లలో బెంజీన్ విరివిగా వాడేవారు. అది రక్తం తయారయ్యే ఎముక మజ్జను దెబ్బతీస్తుందని 1897లోనే స్వీడన్ సైకిల్ టైర్ల కర్మాగారంలోని యువతుల మరణాలు సూచించాయి. 1922లో అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ బెంజీన్ ముప్పు పెరుగుతున్నదని హెచ్చరించారు. దీనికి తోడు, తుప్పు పట్టకుండా వేసే కొన్ని ప్రైమర్లలోని క్రోమేట్లు కూడా క్యాన్సర్ కారకాలే.

3. కణంలో దొరికిన సాక్ష్యం

1940వ దశకంలో షార్లెట్ ఆవర్‌బాక్, జె.ఎం. రాబ్సన్‌లు మస్టర్డ్ వాయువు ఈగల్లో ఉత్పరివర్తనాలు కలిగిస్తుందని నిరూపించారు. రసాయనం జన్యువును మార్చగలదని అప్పుడు స్పష్టమైంది. 1970వ దశకంలో సూక్ష్మకేంద్రక పరీక్ష వచ్చింది. క్రోమోజోము విరిగినప్పుడు మిగిలిన ముక్క కణంలో చిన్న చుక్కలా కనిపిస్తుంది. ఈ పరీక్షలో అలాంటి చుక్కలను లెక్కిస్తారు. 1988లో భారత సంతతి శాస్త్రవేత్త నరేంద్ర పి. సింగ్, ఆయన సహచరులు మెరుగుపరచిన కామెట్ పరీక్షలో తెగిన డి.ఎన్.ఏ. తోకచుక్కలా కనిపిస్తుంది. పలు దేశాల్లో పెయింటర్ల రక్తం, బుగ్గ లోపలి కణాలను ఇలా పరీక్షించినప్పుడు, ఇతరులకంటే వారిలో నష్టం ఎక్కువగా ఉన్నట్లు అనేక అధ్యయనాలు చూపాయి. పెయింటర్ వృత్తి మానవులకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లో వర్గీకరించింది.

ఇక్కడ రెండు అపోహలు కలగవచ్చు. రక్తకణాల్లో కనిపించే నష్టం పిల్లలకు సంక్రమించదు. బీజకణాల్లోని మార్పులే సంక్రమిస్తాయి. అలాగే ఈ పరీక్షలు ఒక బృందానికి ఉన్న ముప్పును చెబుతాయి. ఫలానా వ్యక్తికి క్యాన్సర్ వస్తుందని చెప్పలేవు.

4. చట్టం, దాని హద్దు

మన 1948 ఫ్యాక్టరీల చట్టం బెంజీన్ విషప్రభావాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే ఆ చట్టం సాధారణంగా విద్యుత్తు వాడుతూ 10 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తించేట్లు రూపొందింది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మీ ఊరి బస్టాండు వెనుక గానీ ముగ్గురు పనిచేసే షెడ్డును ఊహించండి. అక్కడ హాజరుపట్టీ ఉండదు. ముక్కుకు కట్టిన చేతిరుమాలు థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ ఫిల్టరున్న మాస్కు, గాలిని బయటికి లాగే ఫ్యాను కావాలి. క్యాన్సర్ బయటపడటానికి చాలా ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కార్మికుడు ఎన్నో షెడ్లు మారి ఉంటాడు. తన రోగానికి పనే కారణమని అతడు ఏ కాగితంతో రుజువు చేయగలడు?

కణంలోని నష్టాన్ని రోగానికి ముందే చూడగలిగే సాధనాలు నేడు ఉన్నాయి. పాట్ కాలంలో అవి లేవు. చట్టం మాత్రం ఇంకా రోగం కోసమే ఎదురుచూస్తున్నది. నమోదు కాని కార్మికుని రోగం చరిత్రలోనూ నమోదు కాదు.

అభ్యాసం: మీ ఊరిలో ఒక స్ప్రే పెయింటర్‌ను కలిసి, ఆయన అంగీకారంతో ఈ వివరాలు రాసుకోండి: ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు? రోజుకు ఎన్ని గంటలు? ఏ థిన్నర్ వాడుతున్నారు? ఎక్కడెక్కడ పనిచేశారు? రాసినదాని ఒక ప్రతిని ఆయనకే ఇవ్వండి. రమజ్జిని ప్రశ్నకు మీరు సేకరించే ఆ సమాధానం రేపు ఆయన చేతిలో ఉండే ఏకైక ఆధారం కావచ్చు.