పూర్వచరిత్ర కథనం: డాక్యుమెంటరీ నగరాలు, సగిలేటి లోయ

ఆధునిక మహానగరాల పూర్వచరిత్రను చూపే టెలివిజన్ డాక్యుమెంటరీలు ఒకే కథన పద్ధతిని అనుసరిస్తాయి. డిస్కవరీ ఛానల్ 'ప్రీహిస్టారిక్' పరంపర న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలను ఎంచుకొంది. ప్రేక్షకుడు ఎరిగిన వీధిని ముందుగా చూపి, కంప్యూటర్ చిత్రణతో దానిని చెరిపి, ఆ చోట హిమనదాన్నో అంతరించిన జంతువునో నిలపడం ఈ పద్ధతి. ఇందులోని ఆశ్చర్యమంతా ఆ వీధితో ప్రేక్షకునికి ముందే ఉన్న పరిచయం మీద ఆధారపడింది. అందుచేత స్థలం ప్రాచీనత కంటె దాని ప్రసిద్ధియే ఎంపికకు ప్రమాణమవుతోంది. ఈ ప్రమాణానికి అందని ప్రాంతాలలో గిద్దలూరు, కొమరోలు మండలాలున్న సగిలేటి లోయ ఒకటి.

ఇక్కడ ఆధారాలకు కొదవ లేదు. 1863లో మద్రాసు సమీపాన పల్లావరంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పాతరాతియుగపు పనిముట్టును గుర్తించారు. 1930లో ఎల్.ఏ. కమ్మియాడ్, ఎం.సి. బర్కిట్ 'యాంటిక్విటీ' పత్రికలో ఆగ్నేయ భారత శిలాయుగాన్ని చేతిగొడ్డళ్లు, పెచ్చు పనిముట్లు, బ్లేడు పనిముట్లు, సూక్ష్మ పరికరాలు ప్రధానంగా నాలుగు శ్రేణులుగా విభజించారు. 1952లో కె.వి. సౌందరరాజన్ 'ఏన్షియంట్ ఇండియా' 8వ సంచికలో గిద్దలూరు పరిసరాల శిలాయుగ పరిశ్రమలను ప్రత్యేకంగా వివరించారు. ఆ వ్యాస శీర్షికలో ఉన్నది కర్నూలు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు ఆ జిల్లాలో చేరింది. ప్రకాశం పేరుతో వెదికే పరిశోధకునికి ఆ వ్యాసం సులభంగా తారసపడదు.

ఈ రచనలన్నీ ఆంగ్లంలో ఉన్నవే. అయితే తెలుగు పల్లెలు ప్రాచీన శిలలను ఏనాడో తమ మాటలలోకి తెచ్చుకొన్నాయి. నేలలో దొరికిన నునుపైన రాతిగొడ్డళ్లను పిడుగురాళ్లన్నారు. బృహత్ శిలాసమాధులను రాకాసి గుళ్లన్నారు. ఇవి శాస్త్ర నిర్ణయాలు కావు. కాని ఈ వస్తువు ఎక్కడిది, దీనిని ఎవరు నిలిపారు అన్న ప్రశ్నలకు పల్లె చెప్పుకొన్న సమాధానాలు. డాక్యుమెంటరీ వర్తమానాన్ని చెరిపి గతాన్ని చూపుతుంది. జానపద నామం గతాన్ని వర్తమానంలోనే ఉంచుతుంది. మొదటిదానిలో కాలపు లోతు ఉంది, రెండవదానిలో స్థలంతో అనుబంధం ఉంది.

పురావస్తు నివేదికలు సాధారణంగా రాయి కొలతలను నమోదు చేసి, దాని వాడుక పేరును విడిచిపెడతాయి. రాయి మ్యూజియంలో నిలుస్తుంది. పేరు మాత్రం చెప్పేవారితోపాటే పోతుంది. కనుక సగిలేటి లోయలో చేను పేర్లను, గుట్టల పేర్లను, వాటి కథలను సేకరించి 1952 నాటి వ్యాసంలోని స్థలాలతో సరిపోల్చడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ఈ లోయపై రేపు ఎవరైనా తెలుగు డాక్యుమెంటరీ తీయదలిస్తే, ప్రసిద్ధ వీధికి బదులు చేను పేరుతో కథ ఆరంభించవచ్చు.