లేసరు అచ్చు - తెలుగు అక్షరము



నా యెదుట బల్లపై రెండు వస్తువులు గలవు. ఒకటి 96 పుటల చిన్న పుస్తకము. రెండవది అరచేతిలో నిముడునంతటి చదరపు పలక. దానిని ఫ్లాపీ యందురు. పుస్తకము మా మేనమామగారు వ్రాసిన మా యూరి చరిత్రము. 1994వ సంవత్సరమున హైదరాబాదు నగరమునందు, అమీర్‌పేటలో నొక సందులోనున్న డి.టి.పి. సెంటరులో దానిని కంప్యూటరుపై కూర్పించి, లేసరు ప్రింటరుపై పుటలు తీయించితిమి. ఫ్లాపీలో నున్నదియు నా చరిత్రమే. కాని పుస్తకమున కెక్కని 11 పుటలు కూడ నందులో గలవు. పుస్తకమును నేటికిని చదువు వచ్చిన ప్రతివాడును చదువగలడు. ఫ్లాపీలోని పుటలు చదువుటకు మాత్రము నేను శిలాశాసనములు చదువువాని పాట్లు పడవలసివచ్చెను. ఏల నట్లయ్యెనో చెప్పవలెనన్న, తెలుగక్షరము సీసమును విడిచి వెలుగును పట్టుకొన్న కథ కొంత చెప్పవలసియున్నది.

మొదట సీసపు కాలమును గూర్చి నాలుగు మాటలు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో వంగదేశమందలి శ్రీరాంపురమున విలియం కేరీ మొదలగు మిషనరీలు పెక్కు దేశభాషలకు అచ్చక్షరములు పోతపోయించిరి. 1812 మార్చి 11వ తేదీన ఆ ముద్రాలయము తగులబడెను. అక్షరములు కరగి సీసపు ముద్దలయ్యెను, వ్రాతప్రతులు బూడిదయ్యెను. అయినను, అక్షరములకు మూలమగు ఉక్కు పంచీలు ఆ బూడిదలో చెడక దొరకినవి. వానితో మరల పోతపోసిరి. 1814లో కేరీగారి తెలుగు వ్యాకరణము వెలువడెను. ఈ పంచీల సంగతి మీరు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాను. మరల దానియొద్దకు వత్తును.

సీసపు కాలమున తెలుగు కంపోజిటరు పని యెంత కష్టమో, పల్లెలనుండి వివాహపత్రికలకై పట్టణమునకు పోయి ప్రెస్సులో కూర్చుండిన పెద్దలెరుగుదురు. ఇంగ్లీషునకు రెండు కేసులు చాలును. తెలుగునకో, గుణింతము వేరు, ఒత్తు వేరు, ఒత్తుపై మరల గుణింతము వేరు. హల్లులు 36 అనుకొని, ఒక్కొక్క దానికి గుణింతరూపములు 12 చొప్పున లెక్కించిన 432 అగును. ఒక్క ఒత్తు చేర్చిన యెడల 15,552. ఇన్ని దిమ్మెలు ఏ ప్రెస్సులోను ఉండవు కావున, అక్షరమును తునకలు చేసి, తలకట్టు నొకచోటినుండి, ఒత్తు నొకచోటినుండి తెచ్చి అతుకుచుండిరి. ఈ అతుకుడు విద్యయే తరువాత కంప్యూటరులోనికి దిగినదనుట మనమిచట గమనింపవలసిన విషయము.

ఇక లేసరు ప్రింటరు అనగానేమి? ఎండుతలను దువ్విన దువ్వెన చిన్న కాగితపు ముక్కలను లాగుకొనుట మీరు చూచియేయుందురు. ఆ విద్యుచ్ఛక్తియే ఇచటను పనిచేయును. యంత్రములో నొక నున్నని గొట్టము తిరుగుచుండును. దానిని డ్రమ్ము అందురు. దానిపై విద్యుత్తు పూసి, లేసరు అను సన్నని వెలుగురేఖతో చుక్క చుక్కగా అక్షరముల నాకారము గీయుదురు. వెలుగు సోకినచోట నల్లని పొడి అంటుకొనును. ఆ పొడి కాగితమునకు దిగును. ఇస్త్రీపెట్టెవలె కాలు రోలరు కాగితముపై దొరలి, పొడిని కరగించి అంటించును. సీసము లేదు, సిరా లేదు.

అమెరికాలో జిరాక్స్ కంపెనీయందు గేరీ స్టార్క్‌వెదర్ అను ఇంజనీరు 1960 దశకము చివర ఈ యూహ చేసి, 1971 తరువాత ఆ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో యంత్రమును నిర్మించెను. 1977లో జిరాక్స్ 9700 అంగడికి వచ్చినది. బల్లపై పెట్టుకొను వస్తువు కాదది. 1984లో హ్యూలెట్ ప్యాకర్డ్ వారు కెనాన్ వారి యంత్రభాగముతో లేసర్‌జెట్ అను చిన్న ప్రింటరును తెచ్చిరి. అంగుళమునకు 300 చుక్కలు. నిమిషమునకు 8 పుటలు.

అయితే, ఆ తొలి యంత్రమునకు జ్ఞాపకశక్తి స్వల్పము. మన ఏ-4 కాగితమును అంగుళమునకు 300 చొప్పున చుక్కలతో నింపిన, సుమారు 87 లక్షల చుక్కలగును. ఆ యంత్రమునకు గల 128 కిలోబైట్లలో పట్టునవి పదిలక్షలకు కొంచెమెక్కువ. పుటయంతయు బొమ్మగా గీయజాలదు కనుక, సిద్ధముగా చెక్కియుంచిన అక్షరములను ఒక చిన్న డబ్బీలో పెట్టి యంత్రమునకు తగిలించెడివారు. దానిని కార్ట్రిడ్జి యనిరి. అక్షరములన్నియు ఇంగ్లీషువే. తెలుగువాడు కార్ట్రిడ్జి యెచట తెచ్చును? మరుసటి యేడు వచ్చిన యంత్రము కంప్యూటరునుండి అక్షరములు దింపుకొనుటకు ఒప్పుకొన్నది. కాని విద్యుత్తు పోయినంతనే దిగిన అక్షరములన్నియు మాయము, మరల మొదటినుండి దింపవలెను. మన ఊళ్ల కరెంటు సంగతి మీకు వేరుగ చెప్పవలసిన పనిలేదు.

1985లో ఆపిల్ కంపెనీవారి లేసర్‌రైటరులో అడోబీవారి పోస్ట్‌స్క్రిప్టు చేరెను. అక్షరమును చుక్కలగుంపుగాక, గీతల వంపులుగా లెక్కకట్టి చెప్పు భాష యది. ఒక్కసారి వంపు చెప్పిన చాలును. చిన్నదైనను పెద్దదైనను యంత్రమే గీసికొనును. ఆ యేటనే ఆల్డస్ కంపెనీవారి పేజ్‌మేకర్ వచ్చి, పుటను తెరపైననే దిద్దు వీలు కల్పించెను. 1992లో విండోస్ 3.1 లో ట్రూటైపు ఫాంటులు చేరగా, ఈ వంపుల విద్య చౌక ప్రింటర్లకు కూడ అందినది. గుండ్రని మన అక్షరమునకు ఇది గొప్ప మేలు. ఏలనన, 12 పాయింట్ల అక్షరమునకు నిలువున 50 చుక్కలే చోటు; అందులోనే తలకట్టు, ఒడలు, ఒత్తు నిమడవలెను. ‘క్ష్మి’, ‘స్త్రీ’ వంటివి నల్లని మచ్చలై పోవుచుండెను. 1992 చివర 600 చుక్కల యంత్రము వచ్చిన పిదప గదా ఒత్తు ఒత్తువలె కనబడసాగినది!

మేము అమీర్‌పేటకు పోయిన కాలమిదియే. మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు నేర్పు సంస్థల పలకలు గోడలనిండ వెలయుచుండెను. అచటినుండి పంజగుట్ట దాక నడచిన, నడుమ జిరాక్స్ దుకాణములు, డి.టి.పి. సెంటర్లు. నేడు మెట్రో రైలు ఆ దారి నెత్తిమీదుగా పోవుచున్నది. 2017 నవంబరులో అమీర్‌పేట మీదుగా తొలి బండ్లు నడచెను. ఆనాడు మా మామయ్యగారు దారిపొడుగునను వ్రాతప్రతి నున్న చేతిసంచిని రొమ్మున కదుముకొని నడచిరి.

కంప్యూటరు ముందు కూర్చుండిన పిల్లవాడు ఇరువది రెండేండ్లవాడు. వేళ్లు చురుకు. మొదటి పుట తీసి చూపగా, మామయ్యగారు కన్నద్దము సవరించుకొని, “బిడ్డా, పైవరుస ఒత్తు కిందివరుస గుడిమీద కూర్చున్నదిరా” అనిరి.

“అది మిషను తప్పు తాతా, నాది గాదు” అని వాడు.

“మిషను ఇంగ్లీషోళ్లది. వాళ్ల అక్షరానికి కిందికి వేలాడేటివి తక్కువ. వరుసల నడుమ జాగ పెంచు.”

సంగతి నిజమే. పేజ్‌మేకర్ తనంత తాను వరుసల నడుమ దూరమును అక్షరపు కొలతకు నూటికి 120 పాళ్లుగా నుంచును. ఇంగ్లీషునకది చాలును. తెలుగునకు చాలదు. పిల్లవాడు కొలత మార్చగా 80 పుటలనుకొన్న పుస్తకము 96 పుటలయ్యెను. కాగితపు ఖర్చు పెరిగెను. మామయ్యగారు రూపాయి రూపాయి లెక్కించు మనిషియైనను, ఆ దినమున మారుమాటాడలేదు. ఇంకొక చిక్కు: ఉల్లేఖనపు గుర్తు కొట్టినచోట నెల్ల అర్థము లేని ఒత్తు ఒకటి ప్రత్యక్షమగుచుండెను. కంప్యూటరు ఇంగ్లీషువారి పద్ధతిని నిలువు గుర్తును వంపు గుర్తుగా తానే మార్చుచున్నదనియు, ఆ వంపు గుర్తు గదిలో ఫాంటు చేసినవారు ఒత్తును దాచిరనియు కనుగొనుటకు మాకొక పూట పట్టినది. చివరకు పుటలను ట్రేసింగు కాగితముపై అద్దములో చూచినట్లు త్రిప్పి తీసి, ఆఫ్‌సెట్టు ప్లేటు చేయించుటకు చిక్కడపల్లిలోని ప్రెస్సునకు మోసికొనిపోతిమి.

ఈ గదుల మాటయే అసలు కీలకము. ఆనాటి ఫాంటునందు మొత్తము 256 గదులు. కొన్ని యంత్రము తనకే యుంచుకొనును. మిగిలిన వానిలో తెలుగు తునకలన్నియు సర్దవలెను. ఏ తునక ఏ గదిలో నుండవలెనో నియమము లేదు. ‘అను’, పూనావారి శ్రీలిపి, బెంగుళూరువారి ఆకృతి - ఎవరి సర్దుబాటు వారిది. ఇంగ్లీషు ‘ఏ’ గదిలో నొకరు తలకట్టు పెట్టిన, వేరొకరు దీర్ఘము పెట్టిరి. ఫ్లాపీలో దాచునది గది సంఖ్యలే గాని అక్షరములు కావు. ఆ ఫాంటు ఉన్నంతకాలము తెలుగు. ఫాంటు పోయిన నది పిచ్చి ఇంగ్లీషు. పైగా కొన్ని ఫాంటులు నకలు తీయకుండ, కంప్యూటరు వెనుక తగిలించు చిన్న తాళముతో వచ్చెడివి. డాంగిల్ అనెడివారు. తాళము పోయిన ఫాంటును పోయినట్లే.

దీనిని ముందుగా కనిపెట్టినవారు లేకపోలేదు. 1991లో భారతీయ ప్రమాణసంస్థవారు ఇస్కీ అను సంకేతపద్ధతిని ప్రకటించిరి. ఆ సంవత్సరమే యూనికోడు తొలి కూర్పునందు తెలుగునకు 128 స్థానముల వరుస యొకటి దొరకినది. వీనిలో అక్షరమునకే సంఖ్య. ఆకారము గీయుట ఫాంటు పని. ఫాంటు మారినను అక్షరము మారదు. కాని పుస్తకములు కూర్చువారి సెంటర్లకు ఇది చేరుటకు చాలకాలము పట్టెను. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఫాంటులు చేసి లోకమునకిచ్చిరి. పేజ్‌మేకర్ మాత్రము తుదివరకు యూనికోడు నెరుగకయే అంతరించెను. పుస్తకములు వేయువారు దానిని విడువలేదు. తెలిసిన పని, చేతికలవాటైన కీబోర్డు. వారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

మామయ్యగారు 1996లో మరల నాతో అమీర్‌పేటకు వచ్చిరి. మా చెరువు తూముల క్రింద ఏ మడికి ఎన్ని జాముల నీరు పారవలెనో, నీరడి వంతులేవో, బ్రతికియున్న ముసలివారి నడిగి వ్రాసికొన్న కాగితములు తెచ్చి, పిల్లవాని ప్రక్కన కూర్చుండి, చెప్పుచు దిద్దుచు కొట్టించిరి. అవియే ఆ 11 పుటలు. రెండవ కూర్పులో వేయుదమనిరి. కాగితములు వారి యొద్దనే యుండెను. మూడేండ్లకు వారు గతించిరి. పాత యింటి కప్పు కురిసి ఆ కాగితములు చెడిపోయెను.

2011లో ఊరివారు రెండవ కూర్పు వేయింపుమని నన్నడిగిరి. నీటివంతులపై తగవొకటి అప్పుడు నడచుచుండెను. ఫ్లాపీ తెరచుకొన్నది, నేను సంతోషించితిని. తెరపై మాత్రము ఇంగ్లీషక్షరములు, గుర్తులు, చుక్కలు. అమీర్‌పేట సందుకు పోయి చూడగా ఆ సెంటరు లేదు. ఆ చోట జావా నేర్పు తరగతి జరుగుచుండెను. పంజగుట్టలో నలుగురినడిగితిని. ఫైలు చూచి, “ఏ ఫాంటు సార్?” అనిరి. పేరు తెరపై కనబడుచునే యున్నది. ఆ పేరుగల ఫాంటు వారివద్ద లేదు.

అప్పుడు శ్రీరాంపురపు పంచీలు నాకు తోచెను. అచట అక్షరములు కరగినను మూలము మిగిలినది. నాయొద్ద మూలమేది? అచ్చుపుస్తకము! ఆ పుస్తకపు 96 పుటల సంకేతములు కూడ ఆ ఫ్లాపీలోనే యున్నవి గదా. మొదటి పుట మొదటి పంక్తిని తెరపై నొకవైపును, అచ్చుపుటను వేరొకవైపును పెట్టుకొని, ఏ గుర్తునకు ఏ తునకయో ఒక్కొక్కటిగా నోటుపుస్తకములో వ్రాసికొంటిని. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపి విప్పినప్పుడు ఆయనకు సహాయపడు నచ్చుపుస్తకము లేదు. ఆయన శ్రమతో నా శ్రమను పోల్చుట సాహసము. అయినను, నాకును రెండు నెలలు పట్టెను. ‘చెరువు’ అను మాట ముందుగా దొరకినది. అది మా పుస్తకమున పుటకు నాలుగుసారులు వచ్చును. అరుదైన ఒత్తులు చివరకు తేలినవి.

11 పుటలలో 9 పుటలు చదివితిని. ఊరి పెద్దలయెదుట వానిని చదివి వినిపించగా, పడమటి తూము వంతులు అందరు నొప్పుకొనిరి. మిగిలిన రెండు పుటలలో తూర్పు తూము పట్టిక కలదు. దానిని పిల్లవాడు వేరొక ఫాంటులో, చిన్న అక్షరములతో కొట్టియుండెను. ఆ ఫాంటుతో అచ్చైన పుట యొక్కటియు మాయొద్ద లేదు. అంకెలు మాత్రము తెలియుచున్నవి - 3, 5, 2, మరల 5. అవి ఎవరి మడులవో తెలియదు. ఆ రెండు పుటలను ఉన్నవి ఉన్నట్లుగా, ఆ పిచ్చి గుర్తులతోనే కాగితముపై లేసరు అచ్చు తీయించి, పుస్తకములో పెట్టి కుట్టించితిని.