వైద్య ఎక్స్‌రే చిత్రణ: చరిత్ర

శరీరాన్ని కోయకుండా లోపలి ఎముకలను, అవయవాలను ఎక్స్ కిరణాలతో చూపే పద్ధతి వైద్య ఎక్స్‌రే చిత్రణ. దీని చరిత్ర రెండు అవసరాల చుట్టూ నడిచింది: బొమ్మ స్పష్టంగా రావాలి, మనిషి మీద పడే కిరణాల మోతాదు తగ్గాలి.

ఆవిష్కరణ

1895 నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ కాథోడ్ కిరణాలపై ప్రయోగం చేస్తుండగా, నల్ల అట్టతో కప్పిన గాజు గొట్టానికి ఎడంగా ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ తెర వెలిగింది. డిసెంబరు 22న ఆయన తన భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరంతో సహా ఫొటో పలకపైకి ఎక్కించాడు. కొద్ది వారాల్లోనే వైద్యులు విరిగిన ఎముకలను, ఒంట్లో దిగిన తూటాలను ఈ కిరణాలతో వెతకసాగారు. రాంట్‌జెన్ పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది.

ఈ కిరణాల హాని అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. ఎడిసన్ ప్రయోగశాలలో వాటితో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లో మరణించాడు.

గొట్టం, ఫిల్మ్

తొలి గొట్టాల్లో మిగిలి ఉండే వాయువు హెచ్చుతగ్గులతో కిరణాల బలం నిలకడగా ఉండేది కాదు. 1913లో అమెరికాలో విలియం కూలిడ్జ్ పూర్తి శూన్యం చేసిన గొట్టంలో టంగ్‌స్టన్ తీగను వేడిచేసి, ఎక్స్ కిరణాలను పుట్టించే ఎలక్ట్రాన్లను రాబట్టాడు. దాంతో కిరణాల పరిమాణం, చొచ్చుకుపోయే శక్తి దేనికది అదుపులోకి వచ్చాయి. అదే ఏడాది గుస్తావ్ బకీ రూపొందించిన జాలీ, శరీరంలో చెదిరి బొమ్మను మసకబార్చే కిరణాలను అడ్డుకుంది. కిరణాలను కాంతిగా మార్చే తెరలను ఫిల్మ్‌కు జోడించడం వల్ల తక్కువ మోతాదే సరిపోయింది.

సీటీ స్కాన్

మామూలు ఎక్స్‌రేలో ముందున్న భాగం నీడ వెనుకదాని మీద పడుతుంది. ఈఎంఐ సంస్థ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనేక కోణాల్లో తీసిన కొలతలను కంప్యూటరుకిచ్చి, అడ్డుకోత చిత్రాన్ని లెక్కగట్టించాడు; ఇదే సీటీ స్కాన్. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును ఇలా చూశారు. 1979 నోబెల్ బహుమతిని హౌన్స్‌ఫీల్డ్, దీనికి గణిత పునాది వేసిన అలన్ కోర్మాక్ పంచుకున్నారు.

డిజిటల్ దశ

1980ల్లో ఫ్యూజీ సంస్థ ఫిల్మ్‌కు బదులు మళ్లీ మళ్లీ వాడదగిన ఫాస్ఫర్ పలకలు తెచ్చింది. 1990ల్లో వచ్చిన ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్లతో బొమ్మ క్షణాల్లో తెరపైకి రాసాగింది, డార్క్‌రూమ్ అవసరం తీరిపోయింది. 2021లో అమెరికా అనుమతి పొందిన ఫోటాన్ కౌంటింగ్ సీటీ ఒక్కొక్క ఫోటాన్‌ను, అంటే కిరణంలోని ఒక్కో శక్తి రేణువును, లెక్కించి, దాని శక్తినీ కొలుస్తుంది.

అయినా ఒక సీటీ స్కాన్ మోతాదు సాధారణ ఛాతీ ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే అవసరమైతేనే తీయాలి, తీసినప్పుడు వీలైనంత తక్కువ మోతాదు వాడాలి అన్నది రేడియాలజీలో మౌలిక నియమమైంది.