ఆస్ట్రేలియా ఖండాన్వేషణము – తద్దేశవాసులు

ఉత్తరార్ధగోళమునందలి భూభాగమునకు సరితూగు మహాఖండమొకటి దక్షిణ సముద్రములలో ఉండితీరవలెనని యూరపు భూగోళవేత్తలు నమ్మి, కన్నులార చూడకయే దానిని శతాబ్దములకొలది తమ పటములలో చిత్రించుచు వచ్చిరి. వారు ఊహించిన ఖండమునందు బంగారమును సుగంధద్రవ్యములును రాశులు పడియుండెను. వాస్తవమగు ఖండమునందు మాత్రము యాభైవేల సంవత్సరములకు పైబడి జనులు కాపురముండి, సుమారు రెండువందల యాభై భాషలు మాటలాడుచు, ఎండినయేటి ఇసుకలో నీరెచ్చట ఊరునో, ఏ దుంప ఏ కాలమున పక్వమగునో తరతరములుగ ఎరిగియుండిరి. ఆ ఖండమును వెదకిన యూరపు నావికుల యాత్రాచరిత్రలను చదువుకొలది నాకు రూఢమగుచున్న అభిప్రాయ మొక్కటియే: వెదకిన సరకు దొరకకపోవుటచేత, ఎదురుపడిన మనుష్యులను వారు లెక్కకు తీసికొనరైరి.

మన మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన డచ్చి కంపెనీయే, ఇంచుమించు అదే కాలమున, 1605లో విల్లెమ్ యాన్స్‌జూన్‌ను డైఫ్కెన్ అను చిన్న ఓడలో తూర్పుదిక్కునకు పంపినది. 1606లో ఆతడు కేప్ యార్క్ ద్వీపకల్పపు పశ్చిమతీరమున దిగెను. తీరవాసులతో కలహము సంభవించి నావికులు కొందరు హతులైరి. 1623లో యాన్ కార్స్టెన్స్‌జూన్ అదే తీరమునకు వచ్చి, భాష నేర్పి వార్తలు రాబట్టవలెనను తలంపుతో దేశవాసులను బలాత్కారముగ పట్టి ఓడకెక్కించి, వారు ఈటెలతో తిరుగబడగా వారిని అనాగరికులని వ్రాసిపెట్టెను. 1642లో అదే కంపెనీ పంపిన టాస్మన్ నేడు తన పేరనున్న ద్వీపమును చేరినప్పుడు ఆతని మనుష్యులు చెట్లబోదెలపై అయిదేసి అడుగుల యెడమున కొట్టిన మెట్లను చూచి, ఇచ్చట రాక్షసాకారులుందురేమోయని శంకించిరి గాని, ఒక్క మనుష్యునైనను కలిసికొనలేదు. కొనుటకు వస్త్రములు గాని మిరియములు గాని లేని ఆ దేశమును కంపెనీ లాభములేని దానిగా ఎంచి విడిచినది.

1688లో వాయవ్యతీరమున సుమారు రెండునెలలు నిలిచిన ఆంగ్లనావికుడు విలియం డాంపియరు, 1697లో అచ్చువేసిన తన యాత్రాగ్రంథమున అచ్చటివారిని లోకములోకెల్ల దైన్యమొందిన జనులుగా వర్ణించెను. ఇళ్ళులేవు, వస్త్రములులేవు, పైరులేదు, పశువులులేవు అనునదే ఆతని వాదము. అయితే అదే గ్రంథమున, వారు చిన్న చిన్న సముద్రపాయల కడ్డముగ రాళ్ళకట్టలు పేర్చి, పోటుతో లోనికివచ్చిన చేపలు పాటువేళ వెనుకకు పోలేక చిక్కుపడగా పట్టుకొందురనియు, దొరికినది స్వల్పమైనను అధికమైనను పసిబిడ్డలకును వృద్ధులకును సమముగ పంచిపెట్టుదురనియు ఆతడే వ్రాసియున్నాడు. సముద్రగతిని గ్రహించి కట్టిన కట్టను, అశక్తుని పస్తుంచని ధర్మమును స్వయముగ చూచి వ్రాసిన చేతితోనే ఆతడు ఆ జనులను పశుప్రాయులని నిర్ణయించుట నాకు మిక్కిలి బాధ కలిగించును. ఏలయన, ఆ నిర్ణయమే యూరపున ప్రచారమునొందినది, ఆ కట్టలమాట మరుగుపడినది.

1770 ఏప్రిల్ 29న ఆంగ్లనావికాధికారి కుక్కు బాటనీ అఖాతమున దిగబోవగా గ్వీగల్ తెగవారిద్దరు ఈటెలు ధరించి అడ్డగించిరి. తుపాకి పేలినది, ఒకడు గాయపడెను. నావికులు గుడిసెలలోని ఈటెలను తీసికొని, ప్రతిగా పూసలు విడిచి వచ్చిరి. మరునాడు చూడగా పూసలు పెట్టినచోటనే పడియుండెను. అటుపిమ్మట కుక్కు ఓడ ఎండవర్ పగడపుదిబ్బపై ఒరసికొని చిల్లుపడగా, ఉత్తరమున ఒక నదీముఖమున సుమారు ఏడువారములు ఆగవలసివచ్చెను. అచ్చటి గూగు యిమిథిర్ జనులతో మొదట స్నేహముగనే జరిగినది. జూలై 19న వారు ఓడకు వచ్చి, పైతట్టుననున్న సముద్రపు తాబేళ్ళను చూచి ఒకదానిని అడిగిరి. అవి తమ జలములలో తమ అనుమతిలేక పట్టబడినవి. కుక్కు మనుష్యులు ఇయ్యనందున వారు కోపించి ఒడ్డునకేగి విడిది చుట్టునున్న గడ్డికి నిప్పుపెట్టిరి. మరల తుపాకి పేలినది. కొంతసేపటికి వృద్ధుడొకడు మొనలేని ఈటె చేతబూని ముందుకు వచ్చి సంధికి దారితీసెను. వయోవృద్ధుడు నిరాయుధుడై నడుమ నిలుచుట ఆ సమాజమున వ్యవహారధర్మమున్నదనుటకు ప్రత్యక్షసాక్ష్యము. దేశవాసుల సమ్మతితో భూభాగములను స్వాధీనము చేసికొనుమని కుక్కునకు ఆజ్ఞ ఉండెను. అయినను ఆగస్టు 22న ఆతడు ఒక దీవిపై జెండానెత్తి తూర్పుతీరమంతయు తన రాజుదని ప్రకటించునప్పుడు ఎవ్వరిని అడుగలేదు.

1788లో పదునొకండు ఓడలతో ఖైదీల వలస సిడ్నీతీరమున స్థిరపడెను. మరుసటియేడు మశూచి వ్యాపించి అచ్చటి స్వదేశీయులలో సగమువంతు మరణించిరని గవర్నరు ఫిలిప్పు అంచనా వేసెను. ఆ చీకటినడుమను విలియం డాస్ అను సైనికోద్యోగి పట్యెగరాంగ్ అను యువతివద్ద సిడ్నీభాష నేర్చి, ఆమె మాటలను నోటుపుస్తకములలో వ్రాసికొనుట ఒక ఊరట. 1801–03 నడుమ ఖండమును చుట్టివచ్చిన మాథ్యూ ఫ్లిండర్సు వెంట బుంగరీ అను స్వదేశీయుడు మధ్యవర్తిగా నడచెను. ఉత్తరతీరమున ఆ ఓడకు మకస్సారు నావలు కొన్ని ఎదురైనవి: ఏటేట ఋతుపవనముతో వచ్చి, చీనాదేశమున ప్రియమగు సముద్రదోసను సేకరించి, తీరవాసులతో ఇచ్చిపుచ్చుకొని, గాలి తిరుగగానే మరలిపోవు వర్తకులు వారు. నేల తమదని వారు జెండా నాటలేదు.

లోపలిభాగమును శోధించినవారికి స్వదేశీయుల సాయమే ప్రాణాధారమయ్యెను. 1841లో ఎడ్వర్డ్ ఐర్ దక్షిణతీరపు నిర్జలప్రదేశమును దాటి ఆల్బనీ చేరునప్పటికి ఆతనివెంట మిగిలినవాడు వైలీ అను నూంగర్ యువకుడొక్కడే. 1861లో ఉత్తరసముద్రతీర సమీపము దాకపోయినవారిలో బర్కు, విల్సు, కింగు అను మువ్వురు కృశించి కూపర్ వాగును చేరునప్పటికి అచ్చట తమకై వేచియున్న విడిదివారు ఆ ఉదయముననే వెడలిపోయియుండిరి. యాండ్రువాంధ జనులు వారికి చేపలను, నార్డూ అను నీటిమొక్క కాయలపిండితో చేసిన రొట్టెలను ఇచ్చిరి. బర్కు అనుమానించి వారిపై తుపాకి కాల్చెను. వారు దూరమైనపిమ్మట మువ్వురును నార్డూను తామే ఏరి తినసాగిరి గాని, వేపి, నీటితో నూరు ఆచారమును వారు గ్రహింపలేదు. సరిగా సంస్కరింపని ఆ కాయ దేహమునందలి బి1 విటమినును హరించుటయే కడుపునిండ తినుచునే వారు క్షీణించుటకు హేతువై యుండునని పరిశోధకులు తలంచుచున్నారు. బర్కు, విల్సు మరణించిరి. కింగు మాత్రము యాండ్రువాంధుల శిబిరము చేరగా వారాతనిని తమతో ఉంచుకొని పోషించిరి. సెప్టెంబరులో వెదకవచ్చిన హోవిట్ బృందమువారు వచ్చునంతవరకు ఆతడు వారి అన్నముననే బ్రతికెను.

వారి దయకు గుర్తుగా అన్వేషణసంఘము పక్షమున ఇత్తడిబిళ్ళ లందినవి. వానివెంటనే గొఱ్ఱెలమందలు, పశువులమందలు వచ్చి ఆ వాగుగట్టు వారి చేజారినది. ఆ ఖండపు నేల ఎవ్వరిదియు కాదను వాదమును ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానము 1992లో కొట్టివేసెను. యాండ్రువాంధులకు కూపర్ వాగు ప్రాంతముపై గల సాంప్రదాయికహక్కును న్యాయస్థానము అంగీకరించుటకు 2015 దాక వేచియుండవలసివచ్చెను.