దేయధర్మం నుంచి ప్రదర్శనవస్తువు దాకా: అమరావతి మహాచైత్యం - కళార్థ పరిణామం

‘కళ’ అనే పదానికి తెలుగులో అర్థవిస్తృతి ఎక్కువ. చంద్రుని పదహారో భాగం కళ. నేర్పుతో చేసే పని కళ. ముఖంలో వెలిగే కాంతి కూడా కళే. పెళ్ళికళ, లక్ష్మీకళ వంటి ప్రయోగాల్లో ఈ చివరి అర్థం నేటికీ సజీవంగా ఉంది. వాత్స్యాయనుడు లెక్కించిన అరవైనాలుగు కళల్లో సంగీత నృత్యాలతోపాటు మాలలు కట్టడం, వంట చేయడం కూడా ఉన్నాయి. ఉపయోగంతో సంబంధం లేకుండా కేవలం చూసి ఆనందించదగిన వస్తువుకే ‘కళ’ అన్న పేరు పరిమితం కావడం ఇటీవలి పరిణామం. మానవచరిత్రలో కళ నిర్వహించిన పాత్రను ఈ పరిమితార్థంతో అంచనా వేస్తే చరిత్రలో చాలా భాగం కనుమరుగవుతుంది. కృష్ణానది కుడిగట్టున, ప్రాచీన ధాన్యకటకంలో వెలసిన అమరావతి మహాచైత్యం ఈ విషయాన్ని స్పష్టం చేసే ఉదాహరణ. ఒకే శిల్పసంపద రెండువేల ఏళ్ళలో ఎన్ని అర్థాలు పొందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దానం

మహాచైత్యం ఒక్క రాజు కట్టించినది కాదు. క్రీస్తుపూర్వ శతాబ్దాల్లో మొదలై, శాతవాహనుల కాలంలో విస్తరించి, అనేక తరాల దాతల చేయూతతో అది రూపుదిద్దుకొంది. పల్నాటి సున్నపురాతి ఫలకాలపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కిన చిన్నచిన్న శాసనాలు ఈ దాతల పేర్లను చెబుతాయి. వారిలో గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు ఉన్నారు. ఒక పూర్ణఘట ఫలకాన్ని సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడు. అతడు ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో కలిసి ఆ దానం చేసినట్లు శాసనం తెలుపుతుంది.

ఇక్కడ గమనించవలసినవి రెండు. మొదటిది, శాసనం ఆ ఫలకాన్ని ‘దేయధమ’ అంటుంది. అది దేయధర్మం, అంటే పుణ్యార్థం ఇచ్చిన దానం. రెండవది, శాసనంలో నిలిచిన పేరు దాతది, చెక్కిన శిల్పిది కాదు. ఆధునిక దృష్టిలో కళాఖండానికి కర్త కళాకారుడు. ధాన్యకటకంలో ఆ స్థానం దాతది, అతని కుటుంబానిది. కళ అక్కడ వ్యక్తిప్రతిభకు ప్రకటన కాక, సంఘంలో ఒక కుటుంబం తన ఉనికిని శాశ్వతం చేసుకొన్న విధానం. చర్మకారుని పేరు భిక్షువు పేరుతో సమానంగా రాతిపై నిలవడం ఆ సామాజిక పాత్రకు నిదర్శనం.

దర్శనం

శిల్పాల ప్రయోజనం అలంకరణతో ముగియలేదు. ప్రదక్షిణ చేసే భక్తుని చూపును, నడకను అవి నడిపించాయి. చైత్యానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికలపై అయిదేసి ఆయకస్తంభాలు నిలిచి, బుద్ధుని జీవితంలోని అయిదు ప్రధాన ఘట్టాలను స్ఫురింపజేశాయి. తొలిదశ శిల్పాల్లో బుద్ధుని రూపం కనిపించదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలు ఆయన సన్నిధిని సూచిస్తాయి. మలిదశలో మానవరూపంలోని బుద్ధుడు ప్రవేశించాడు. మదించిన నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతపరిచే ఘట్టాన్ని చెక్కిన ప్రసిద్ధ ఫలకంలో వీధిలో జనం కలవరపాటు, గవాక్షాల్లోంచి తొంగిచూసే స్త్రీల ఆతురత, చివరికి ఏనుగు మోకరిల్లడం ఒకే వలయంలో ఇమిడాయి. కాలక్రమాన్ని ఒకే దృశ్యంగా కూర్చిన ఈ కథనరీతి చదువురానివారికి కూడా ధర్మకథను అందించగలిగింది.

భక్తుల చూపు కాలంతోపాటు మారిందనడానికి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకం సాక్ష్యం. దానికి రెండు ముఖాలు. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దం నాటి బోధివృక్షపూజ ఉంది. కొన్ని వందల ఏళ్ళ తరవాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, అదే రాతిని తిప్పి వెనకవైపు స్తూపచిత్రాన్ని చెక్కారు. పాత శిల్పం గోడవైపు మరుగున పడింది. ప్రాచీనతకు మనం ఇచ్చే విలువ ఆనాటి భక్తులకు ముఖ్యం కాదు. చైత్యం జీవించి ఉండడమే ముఖ్యం. జీవించి ఉన్న కళ తననుతాను తిరిగి చెక్కుకొంటుంది.

విస్మృతి

బౌద్ధం క్షీణించినా చైత్యస్మృతి వెంటనే మాయం కాలేదు. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరాలయం వద్దనే బుద్ధుని ఉన్నతచైత్యాన్ని స్మరించి దానాలను పేర్కొంటుంది. 1344 నాటి శ్రీలంక గడలాదెణియ శాసనం ధాన్యకటకంలో ఒక భిక్షువు జరిపించిన జీర్ణోద్ధరణను ప్రస్తావిస్తుంది. ఆ తరవాత స్తూపం దిబ్బగా మిగిలింది. స్థానికులు దాన్ని ‘దీపాలదిన్నె’ అన్నారు. పూజ ఆగిపోయినా పేరులో వెలుగు మిగిలింది.

18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా చేసుకొన్నప్పుడు ఆ దిబ్బ ఇటుకలకు, రాళ్ళకు గనిగా మారింది. కొన్ని ఫలకాలు కట్టడాల్లో చేరాయి, కొన్ని సున్నపుబట్టీల్లో కాలిపోయాయి. వాటిని వాడుకొన్నవారిని అజ్ఞానులుగా నిందించడం సులభం. కాని ఆ రాళ్ళను అర్థవంతం చేసిన సమాజం అప్పటికే లేదు. అర్థాన్ని మోసే సమాజం లేనప్పుడు శిల్పం మళ్ళీ రాయి అవుతుంది.

ప్రదర్శన

1797లో కాలిన్ మెకంజీ ఈ స్థలాన్ని చూశాడు. తరవాత తిరిగి వచ్చి తన చిత్రకారులచేత ఫలకాలను చిత్రింపజేశాడు. రాళ్ళు పోయినచోట కూడా రేఖాచిత్రాలు మిగలడం ఆ కృషి ఫలితం. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, వాటిలో వందకు పైగా 1859లో లండన్‌కు చేరాయి. సున్నపురాయి అయినా అవి ‘ఎలియట్ మార్బుల్స్’గా పేరుపొందాయి. గ్రీకు పాలరాతి శిల్పాలను కొలమానంగా పెట్టుకొన్న దృష్టి ఆ పేరులోనే ఉంది. తరవాత బర్జెస్, అలెగ్జాండర్ రీ తవ్వకాలు, 1942లో శివరామమూర్తి మద్రాసు మ్యూజియం శిల్పాలపై వెలువరించిన గ్రంథం ఈ సంపదను శాస్త్రీయాధ్యయన విషయంగా స్థిరపరిచాయి.

మ్యూజియం శిల్పాన్ని నాశనం నుంచి కాపాడింది, ఇది కాదనలేని మేలు. అయితే ప్రదక్షిణపథంలో ఒకదాని తరవాత ఒకటిగా చూడవలసిన ఫలకాలు గోడలపై విడివిడి ఖండాలయ్యాయి. దేయధర్మం ప్రదర్శనవస్తువైంది. విద్వాంసులకు మాత్రం ఇదే విభజన కొత్త ప్రశ్నలకు దారి ఇచ్చింది. ఒక శకలంపై ఉన్న ‘నాగబు’ అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగుపదంగా గుర్తించారు. ‘నాగ’ శబ్దానికి చేరిన ‘బు’ ప్రత్యయంలో తెలుగు వ్యాకరణలక్షణం కనిపించింది. దాతకు పుణ్యంగా, భక్తునికి దర్శనంగా, బట్టీవాడికి సున్నంగా కనిపించిన రాయి భాషాచరిత్రకారునికి తొలి తెలుగు అక్షరసాక్ష్యమైంది.

ముగింపు

కళకు అర్థం వస్తువులో మాత్రమే ఉండదు, దాన్ని చుట్టుకొన్న మానవసంబంధాల్లో ఉంటుందని అమరావతి చరిత్ర నిరూపిస్తున్నది. దానం, దర్శనం, విస్మృతి, ప్రదర్శన అన్న నాలుగు దశల్లో రాయి మారలేదు, దాన్ని చూసిన సమాజం మారింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నం నడుమ పూర్ణఘటం ఉంది. అమరావతి శిల్పం దానికి ప్రేరణ. ఒక చర్మకారుని కుటుంబం సమర్పించిన రూపం ఒక రాష్ట్రానికి గుర్తుగా మారడం కళ నిర్వహించగల పాత్రకు ఉన్నతమైన ఉదాహరణ. ఆ ఘటంతోపాటు విధికుని పేరును కూడా స్మరించడం, అంటే రూపాన్నేగాక దానివెనుక ఉన్న మనిషిని కూడా చదవడం, తెలుగు సాహిత్య, చరిత్రాధ్యయనాల ముందున్న కర్తవ్యం.