జయపుర వీధులలో ఒక సాయంకాలము

ఇటలీ దేశమునందలి సియెనా, ఫ్లోరెన్సు మొదలగు ప్రాచీన నగరములను చూడబోయినవారు ఎండ చల్లబడిన పిమ్మట, ఊరి చరిత్ర నెరిగిన మార్గదర్శి వెంట కాలినడకన వీధులు తిరుగుదురు. ఆ వేళకు ఊరివారును ఇండ్లు విడిచి షికారు వెడలుట అచ్చటి అలవాటు. ఆ దేశభాషకును మన భాషకును ఒక చుట్టరికమును పెద్దలు చెప్పుచుందురు. రెండింటను పదములు విశేషముగా అచ్చులతో ముగియును గాన, తెలుగును ప్రాచ్య ఇటాలియనుగా కొనియాడుట వాడుకయైనది. అట్టి నడకకై అంత దూరము పోనక్కరలేదనియు, మన సునాబెడకు సుమారు 40 కిలోమీటర్లలోనే రాజధానిగా వెలసిన పురమొకటి కలదనియు, కార్తీకమాసమున ఒకనాడు మేము కొన్ని కుటుంబములవారము కలిసి జయపురమునకు బయలుదేరితిమి.

కొరాపుట్టు దాటి ఘాటు రోడ్డున దిగిన పిదప జయపురపు మైదానము కనబడును. మాకు దారి చూపుటకు అంగీకరించినవారు ఆ ఊరి వృద్ధులు, విశ్రాంత ఉపాధ్యాయులు. ఒడియా వారి మాతృభాష. తెలుగును మనవలెనే మాటలాడుదురు. వారు మమ్ము తొలుత కోటకు గాక జగన్నాథసాగరపు గట్టునకు తీసికొనిపోయిరి. "ముందు నీరు, తరువాత ఊరు, ఆ తరువాతనే రాజు" అని చెప్పి, అచ్చటనే కథ మొదలుపెట్టిరి.

ఈ వంశపు రాజులు మొదట ఏలినది జయపురమున గాదు. 15వ శతాబ్దిలో వినాయకదేవుడు స్థాపించిన ఈ రాజ్యమునకు నందపురము రాజధాని. ముప్పదిరెండు మెట్ల సింహాసనపు శిథిలములు అచ్చట నేటికిని ఉన్నవి. 17వ శతాబ్ది మధ్యభాగమున వీరవిక్రమదేవుడు రాజధానిని జయపురమునకు మార్చెను. కొండలు చుట్టును కోటగోడలవలె నిలిచి, నడుమ వరిపొలములకు చాలినంత నేలయు నీరును గల చోటిది. సాగరముమీద సంధ్యకాంతి ఎఱ్ఱబారుచుండగా ఈ మాట వినుటచే, ఆ ఎంపికలోని యుక్తి మా పిల్లలకు సైతము తెలిసినది.

అచ్చటినుండి బజారువైపు నడిచితిమి. దీపములు వెలిగినవి. కోమట్ల దుకాణములలో తెలుగు వినవచ్చుచుండెను. ఈ వర్తకము నిన్నటిది గాదని మా మార్గదర్శి చెప్పిరి. రైలును మోటారును లేని కాలమున విశాఖ తీరపు ఉప్పును బ్రింజారీలు ఎద్దులపై వేసికొని ఘాటులెక్కి జయపురమునకును, ఆవల బస్తరునకును చేర్చుచుండిరి. తిరుగుదారిని కొండపంటలు తీరమునకు దిగుచుండెను. ఉప్పుతోపాటు మాటయు ఎక్కినది. కొలతకు, ధరకు, బాకీకి రెండు భాషల మాటలు కలిసిపోయినవి.

అంతట మాలో ఒక పెద్దలు, బొబ్బిలి ప్రాంతమున పుట్టి ఉద్యోగమునకై ఇటు వచ్చినవారు, మనలో పలువురు ఇండ్లలో అనుకొను మాటనే పైకనిరి: "ఇదంతయు మన విశాఖపట్టణం జిల్లాయే గదా! 1936లో మన చేయి జారిపోయినది." మాట నిజమే. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రము ఏర్పడువరకు జయపురము మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణం జిల్లాలో ఉండెను. ఆనాడే కొరాపుట్టు జిల్లా పుట్టినది. 1992లో అది నాలుగై రాయగడ, నవరంగపురము, మల్కనగిరి వేరు జిల్లాలైనవి.

మార్గదర్శి నొచ్చుకొనలేదు. నవ్వి, "అయ్యా, మీదనియు మాదనియు తగవు తీర్చుకొనుటకు ముందు, పరజలను, గదబలను, కోదులను అడుగవలదా? వారు రాజులకంటెను ముందువారు" అనిరి. పిదప మేమెవ్వరము ఎరుగని సంగతి నొకటి చెప్పిరి. కోదులు మాటలాడు కువి, కుయి భాషలను భాషాశాస్త్రజ్ఞులు తెలుగుతోపాటు ఒకే ద్రావిడశాఖలో చేర్చుదురట. ఇన్నేండ్లుగా సంతలో వారివద్ద కూరలు, పసుపు కొనుచు, వారి మాట మనకు దూరపు చుట్టమని ఎరుగక యుంటిమి. మా పెద్దలు మరి మాటలాడలేదు.

రాజభవనపు ద్వారము చేరునప్పటికి చీకటి పడినది. వెలుపలనే నిలిచి కథ వింటిమి. 1770ల దశకమున ఈస్టిండియా కంపెనీ సేనలు వచ్చి ఇచ్చటి పాతకోటను పడగొట్టినవి. 1803లో శాశ్వత పరిష్కారము క్రింద సంస్థానము ఏటేటా 16,000 రూపాయల పేష్కషు చెల్లించు జమీందారీ అయినది. 1863లో ఆంగ్లేయ అధికారులు తామే వచ్చి పరిపాలనలో కూర్చుండిరి. స్వాతంత్ర్యానంతరము ఎస్టేటుల రద్దుతో జమీందారీయు ముగిసినది. పిరంగికి కూలిన కోటకును, కాగితమునకు కూలిన కోటకును భేదమేమియని పిల్లవాడొకడు అడుగగా, "రెండవదానికి చప్పుడుండదు" అని వృద్ధులు బదులిచ్చిరి.

అయినను ఆ ద్వారమువద్ద మాకు మిక్కిలి నిలిచిపోయిన కథ విక్రమదేవవర్మ మహారాజుగారిది. 1869లో జన్మించి, చిరకాలము విశాఖపట్టణమున గడిపి, 1931లో గద్దెనెక్కిన ఆ ప్రభువు ఒడియాలోను తెలుగులోను కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేటా లక్ష రూపాయల విరాళమిచ్చి, దానికి ప్రోచాన్సలరుగా ఉండిరి. వాల్తేరులోని విజ్ఞాన సాంకేతిక కళాశాల జయపుర విక్రమదేవ నామముననే వెలసినది. 1936లో రాష్ట్రముల సరిహద్దు ఆయన సంస్థానమునకును ఆ కళాశాలకును నడుమ పడినది. సరిహద్దు పడినను ఆయన రెండు భాషలలో ఏ ఒక్కటియు పరభాష కాలేదు. 1951లో ఆయన కీర్తిశేషులైరి. ఆయనను ఒడియావారు తమవాడందురు, మనమును మనవాడందుము. ఇరువురి మాటయు సత్యమే.

మన సంగతి తలంచితిమి. 1964లో హిందుస్తాన్ ఏరోనాటిక్సువారి ఇంజిను కర్మాగారము సునాబెడలో నెలకొన్న పిదప శ్రీకాకుళము, విజయనగరము, విశాఖలనుండి మన కుటుంబములు పెక్కు వచ్చినవి. మనము ఉద్యోగమునకు వచ్చినవారమే, పింఛను రాగానే పోవువారమే యని తొలితరమువారు తలంచిరి. పోయినవారు కొందరు, నిలిచినవారు పలువురు. ఇల్లు కట్టినను 'మన ఊరు' అని మరియొక ఊరినే చెప్పుచు, పిల్లలకు ఆ ఊరును ఇయ్యక, ఈ ఊరును ఇయ్యక పెంచితిమేమో!

తిరిగి వచ్చుచుండగా ఒక చిన్న సంగతి జరిగినది. ఒక దుకాణపు బోర్డుమీది ఒడియా అక్షరములను బొబ్బిలి పెద్దలు ఎంతసేపు చూచినను చదువలేకపోయిరి. వారి మనుమరాలు, సునాబెడలో పుట్టినపిల్ల, గడగడ చదివి తాతగారికి అర్థము చెప్పినది. తాతగారు సంతోషించి, జేబులోనుండి తమ అన్నగారి ఉత్తరము తీసి, "ఇది చదువమ్మా" అనిరి. పిల్ల కాగితము అటునిటు త్రిప్పి, తలవంచుకొని, "తెలుగు రాదు తాతా" అన్నది. ఆ దీపముక్రింద తాత ఒక లిపికి గ్రుడ్డి, మనుమరాలు మరియొక లిపికి గ్రుడ్డి. రెండు భాషలలో కవిత్వము చెప్పిన ప్రభువు ద్వారమునకు అది నూరడుగుల దూరము లేదు.

బస్సులో ఘాటు ఎక్కుచుండగా ఎవ్వరును పెద్దగా మాటలాడలేదు. సునాబెడ దీపములు కనబడుసరికి తాతగారే ముందుగా అనిరి: "ఆదివారము సాయంత్రము పిల్లలను మా యింటికి పంపుడు. నేను తెలుగు అక్షరములు దిద్దించెదను. నాకు మాత్రము ఈ పిల్ల ఒడియా దిద్దించవలెను." ఆ మరుసటి ఆదివారమునకు ఏడుగురు పిల్లలు వచ్చిరి, పలకలు పట్టుకొని పెద్దలు ముగ్గురు వచ్చిరి.

చదువరులారా! జయపురము మనకు దగ్గర. ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఆ గట్టుమీదను, ఆ బజారునను, ఆ ద్వారమువద్దను నిలిచి రండు. ఈ నేలపై మనము అతిథులమా, ఇంటివారమా యను ప్రశ్నకు కాగితములలో సరిహద్దులు వెదకనక్కరలేదు. ఇచ్చటి భాషను నేర్చి, మన భాషను నిలుపుకొన్నవాడు ఇచ్చటివాడే.