జొన్న విత్తనము: చిన్న కమతములకు ఎన్నిక

జొన్న తృణకుటుంబమునకు చెందిన ధాన్యపు పైరు. దక్కను పీఠభూమియందలి వర్షాధార భూములలో, విశేషించి నల్లరేగళ్లలో, ఇది గింజకొఱకును చొప్పకొఱకును చిరకాలముగా సాగగుచున్నది. గింజ ఇంటివారికి రొట్టెయు సంకటియుగాను, చొప్ప వేసవియందు పశువులకు మేతగాను అక్కఱకు వచ్చుటచే, రెండు మూడెకరముల భూమియు, జత యెద్దులును, ఒక పాడిపశువును గల రైతు విత్తనమును ఎన్నుకొనునపుడు గింజ దిగుబడిని మాత్రమే ప్రమాణముగా గైకొనుట చాలదు.

ఈ విషయమును రెండు రకముల చరిత్ర తెలుపును. మన దేశమున వెలువడిన తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1. 1964లో విడుదలయైన ఈ రకము పొట్టిది, శీఘ్రముగా పండునది, అధికముగా గింజనిచ్చునది. కాని చొప్ప తక్కువగుటయు, వానలు తగ్గక మునుపే పండిన కంకులకు బూజు పట్టుటయు దాని లోపములుగా కనబడెను. షోలాపూరు ప్రాంతమునందలి మోహోలులో స్థానిక మాల్దండి జొన్ననుండి ఏరి స్థిరపఱచిన ఎం.35-1 అట్లు కాదు. రబీయందు నేలలో నిలిచిన తేమతోనే పెరిగి, మెఱుగుగల గుండ్రని గింజను, పొడవైన చొప్పను ఇచ్చుటచే, పిమ్మట ఎన్ని సంకరములు వచ్చినను తన స్థానమును కోల్పోలేదు.

ఎన్నికలో మొదట విచారింపవలసినది ఋతువు. వర్షారంభమున విత్తునది ఖరీఫు జొన్న. వానలు తగ్గుముఖము పట్టునపుడు విత్తి మాఘమాసప్రాంతమున కోయునది మాఘీ జొన్న. సెప్టెంబరు, అక్టోబరులలో విత్తునది రబీ జొన్న. రబీ రకములు పగటి నిడివి తగ్గినగాని పూతకు రావు. కావున వానిని ముందుగా విత్తినచో మిక్కిలి పొడవు పెరిగి ఆలస్యముగా కంకి వేయును. ఖరీఫులో విత్తుట ఆలస్యమైనచో మొవ్వు ఈగ లేత పైరును చంపును. కావున అదనునకు విత్తనము దొరకుటయు ఒక గుణముగానే ఎంచవలెను.

గింజ పైరునకు ఎకరమునకు 3-4 కిలోల విత్తనము సరిపోవును. పచ్చిమేతకైనచో కాడలు సన్నగా పెరుగుటకై ఒత్తుగా, సుమారు 16 కిలోలు చల్లుదురు. నీటివసతి గలచోట పలుమార్లు కోతకు వచ్చు సూడాన్ గడ్డి సంకరములు మేలు. లేత పైరునందును, వానలేక గిడసబాఱిన పైరునందును హైడ్రోసయానిక్ ఆమ్లమను విషము ఉండును గాన, పూతకు రాకమునుపు మేపరాదు.

ధ్రువీకృత విత్తనపు సంచికి నీలివర్ణపు చీటి ఉండును. అట్టి జొన్నలో మొలకశాతము 75కు తగ్గరాదు. ఇంటి విత్తనమైనచో నూఱు గింజలను తడిగోనెలో చుట్టి, పది దినములలో ఎన్ని మొలకెత్తునో లెక్కించి పరీక్షింపవచ్చును. కాటుక తెగులు బీజములు గింజపై అంటియుండుటచే విత్తుటకు ముందు గంధకపు పొడిని పట్టించుట మేలు. జొన్న ప్రధానముగా ఆత్మపరాగసంపర్కము గలదైనను కొంత పరాగము ఇతర మొక్కలనుండియు చేరును. కావున విత్తనపు కంకులను ఇతర రకముల ప్రక్కనున్న గట్లనుండి గాక, పొలము నడుమనుండి, తెగులులేని మొక్కలనుండి ఏరవలెను. సంకరముల గింజను మరల విత్తినచో పైరు ఏకరూపముగా రాదు. కావున ప్రతివర్షము క్రొత్తది కొనక తప్పదు. సంకరములు కాని సూటిరకములందు దాచిన గింజనే మరల విత్తవచ్చును గాన ఈ వ్యయము లేదు. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు స్థానిక చిరుధాన్య విత్తనములను ఇట్లే దాచి, ఇచ్చిపుచ్చుకొనుచున్నవి.

మొత్తముమీద, ఒకే రకమును పొలమంతట విత్తుటకంటె, మెట్టభాగమున ఇంటి గింజకును ఎండుమేతకును తగిన పొడవైన సూటిరకమును, బావిక్రింది కొలది నేలలో పచ్చిమేత జొన్నను ఉంచుకొనుట చిన్న రైతునకు నష్టభయమును తగ్గించును.